హాస్యగాడి మాట

తెనాలిలో మా ఇల్లు ఎక్కడని కొత్తవాళ్ళు అడిగితే వీధిలో ఎవరూ ఇంటి నెంబరు చెప్పేవాళ్ళు కాదు. "హాస్యం ఇల్లేగా, ఆ సందులోకి వెళ్ళండి" అనేవారు. హాస్యం అంటే మా నాన్న.

ఆయన బుర్రకథలో వంత. బుర్రకథను ముగ్గురు నిలబడి చెబుతారు. మధ్యలో తంబురా భుజాన వేసుకుని కథకుడు, అటూ ఇటూ డక్కీలు వాయిస్తూ ఇద్దరు వంతలు. కుడిపక్క వంత కథలోకి లోకం సంగతులు తెస్తాడు, అతన్ని రాజకీయం అంటారు. ఎడమపక్క వంత కథకుడికి అడ్డుపడి, తిక్క ప్రశ్నలు వేసి జనాన్ని నవ్విస్తాడు. అతను హాస్యం. దళంలో పేర్లతో పిలుచుకోవడం తక్కువ. "రాజకీయం భోంచేశాడా? హాస్యం ఇంకా రాలేదేంటి?" అనుకునేవారు. వాళ్ళ నోట అది పనికి పెట్టిన పేరు, అందులో చిన్నతనం ఏమీ లేదు.

బయట మాత్రం ఆ మాట రకరకాలుగా మారేది. బజారులో హాస్యగాడు అనేవారు. బడిలో పిల్లలు జోకరు అనేవారు. మా తెలుగు మాస్టారు నన్ను లేపి, "మీ నాన్నలాంటివాణ్ణి సంస్కృతంలో విదూషకుడంటారు, రాజుగారి పక్కనే కూర్చునేవాడు" అని గౌరవంగానే చెప్పారు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి నాన్నకు చెబితే, "నేనెప్పుడు కూర్చున్నానమ్మా, రెండున్నర గంటలూ నిలబడేగా చెప్పేది" అన్నారు. అది హాస్యం కాదు. ఆయన నిజంగానే అలా అనుకున్నారు.

హాస్యగాడు అన్న మాటలో చివరి 'గాడు' నన్ను బాధపెట్టేది. మా నాన్నను వాడు వీడు అన్నట్టు వినిపించేది. ఒకసారి ఏడుస్తూ అడిగాను. ఐదో తరగతి దాకా చదివిన మా నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పారు. "వేటగాడు అంటే తిట్టా? పాటగాడు, మొనగాడు, అందగాడు? ఆ పని చేతనైనవాడు అని అర్థమమ్మా. నాకు నవ్వించడం చేతనవును కాబట్టి హాస్యగాణ్ణి." అమ్మకు ఈ అర్థాలేవీ నచ్చేవి కావు. మీవారు ఏంచేస్తారని ఎవరన్నా అడిగితే "కథలు చెబుతారండి" అని ఊరుకునేది.

ఇంట్లో నాన్న మాట్లాడేది తక్కువ. బయట మాట్లాడే వీలే ఉండేది కాదు. శెట్టిగారి కొట్టులో నిలబడి "అరవీశెడు కందిపప్పు ఇవ్వండి" అంటే చాలు, పక్కనున్నవాళ్ళు నవ్వేవారు. తర్వాత ఇంకేదో అంటాడని ఎదురుచూసేవారు. ఆయన పప్పు తీసుకుని వచ్చేసేవారు.

నాకు పదమూడేళ్ళప్పుడు, అరవైల చివర్లో, నాన్న దళానికి కుటుంబ నియంత్రణ కథలు దొరికాయి. డాక్టర్లు చెబితే జనం వినడం లేదని సర్కారువాళ్ళు బుర్రకథల చేత చెప్పించేవారు. ఆఫీసువాళ్ళు కథ రాసిన కాగితాలు ఇస్తే దళం దాన్ని పాటలు కట్టుకుని ఊరూరా చెప్పాలి. ఏ ఊరు వెళ్ళినా కథకు ముందు నాన్న అక్కడి కుర్రాళ్ళను కదిపి, ఊళ్ళో సంగతులు రెండు మూడు పట్టుకునేవారు. వాటిని పేర్లు లేకుండా కథలో కలిపితే జనం విరగబడి నవ్వేవారు. హాస్యం చేసేవాళ్ళంతా అదే చేసేవారు. తన ఊరి మాట వినబడితే ఎక్కడివాళ్ళయినా సంతోషిస్తారని నాన్న అనేవారు.

ఆ వేసవి సెలవుల్లో అమ్మా నేనూ మా అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. వేమూరు దాటాక కాలవ గట్టున ఉన్న చిన్న ఊరు. అక్కడి బడి ముందు పందిరి వేసి, నాలుగు గంటల వేళ నాన్నవాళ్ళ కథ పెట్టించారు. అమ్మ తమ్ముడు, మా చిన మావయ్య, ఇరవై ఏళ్ళవాడు. బావ వచ్చాడని పొద్దున్నుంచీ నాన్న వెంటే తిరిగాడు.

ఆడవాళ్ళ వైపు అమ్మా నేనూ కూర్చున్నాం. మా పక్కన ఒకావిడ చంటిపిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని కూర్చుంది. ఆవిడది బాపట్ల, ఈ ఊరి కోడలు. భర్త బియ్యం మిల్లులో ఇంజను నడిపేవాడు. అతను అమ్మను అక్కా అంటాడు కాబట్టి నాకు మిల్లు మావయ్య, ఆవిడ అత్తయ్య. ముగ్గురు పిల్లలు. ఆ ఊళ్ళో ముందుగా ఆపరేషన్ చేయించుకున్న మగవాడు మిల్లు మావయ్యే. సంక్రాంతికి ముందు క్యాంపులో ఆఫీసర్లు అందరి ముందూ అతనికి దండ వేశారు. ఇప్పుడు అత్తయ్యకు ఐదో నెల. ఆపరేషన్ కుదిరినట్టు లేదని మొగుడూ పెళ్ళాలు అనుకున్నారట. అత్తయ్య అమ్మతో ఆ మాట కొంచెం సిగ్గుపడుతూ చెప్పింది, అంతే.

కథ బాగా సాగింది. ఒకచోట నాన్న డక్కీ ఆపి ముందుకొచ్చారు.

"గురూగారూ, నాకో సందేహమండి."

"అడగరా," అన్నాడు కథకుడు.

"ఎండాకాలం లాకులు మూసేస్తారు కదండి. మూసేస్తే కాలవకి నీళ్ళొస్తయ్యాండి?"

"రావు."

"కాలవకి నీళ్ళు రాకపోతే చేను తడుస్తదాండి?"

"ఎట్టా తడుస్తదిరా?"

"మరి ఈ ఊళ్ళో ఒకాయన పెద్దల ముందు దండ వేయించుకుని మరీ లాకులు మూయించుకున్నాడంట. అయినా చేను తడిసి మొలకొచ్చిందంటండి."

"అదెట్టా వచ్చిందిరా?"

"పక్క కాలవకి గండి పడిందేమోనండి."

మగవాళ్ళ వైపునుంచి నవ్వు లేచింది. నాకు అర్థం కాలేదు కానీ నాన్న గొంతు పెట్టిన తీరుకు నేనూ నవ్వాను. ముందున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెనక్కి తిరిగి మా వైపు చూడటం మొదలుపెట్టారు. ఆ తర్వాత మగవాళ్ళు చూశారు. బడి అరుగు మీదనుంచి నాన్నకు కనబడింది తలలు తిరగడం, నవ్వు పెరగడం మాత్రమే. మాట బాగా తగిలిందనుకున్నారు. పంచె మోకాళ్ళదాకా ఎత్తి పట్టుకుని నీళ్ళలో నడిచినట్టు అడుగులు వేస్తూ, "చూసి నడవండి గురూగారూ, ఇక్కడ కూడా తడిగానే ఉంది" అన్నారు.

అత్తయ్య పిల్లను భుజాన వేసుకుని లేచింది. దారి ఇవ్వడానికి ఆడవాళ్ళు మోకాళ్ళు ముడుచుకున్నారు. వాళ్ళ మధ్యనుంచి ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళడానికి ఆవిడకు చాలాసేపు పట్టింది. ఆవిడ పందిరి దాటేదాకా నవ్వు ఆగలేదు.

ఇంటికొచ్చాక నాన్న కాళ్ళు కడుక్కుంటుంటే అమ్మ అడిగింది. "లాకుల మాట మీకెవరు చెప్పారు?"

"మీ తమ్ముడే. ఎవరో ఒకాయన ఉన్నాడు, వేసెయ్యి బావా అన్నాడు. ఏం?"

"ఆవిడ నా పక్కనే కూర్చుంది."

నాన్న చెంబు కింద పెట్టారు. "ఎవరు?" అన్నారు. అమ్మ చెప్పింది. ముగ్గురు పిల్లలనీ, ఐదో నెలనీ, ఆ దంపతుల మధ్య ఒక్క పొల్లు మాట లేదనీ చెప్పింది. నాన్న పొద్దున్నే దళంతో తెనాలి వెళ్ళిపోయారు.

మేం ఊళ్ళోనే ఉన్నాం కాబట్టి తర్వాత జరిగింది మా కళ్ళముందే జరిగింది. రెండో రోజుకల్లా ఆ లాకుల మాటే మిల్లు మావయ్యకు పేరైపోయింది. ధాన్యం బళ్ళు తోలుకొచ్చేవాళ్ళు మిల్లు గుమ్మంలోనుంచే "లాకులు మూశావా మావా?" అని కేకేసేవారు. చిన్నపిల్లలు అర్థం తెలియకుండానే వెంటపడి అరిచేవారు. నాలుగో రోజు పొద్దున అత్తయ్యనూ చంటిపిల్లనూ బస్సెక్కించి, తెనాలిలో రైలెక్కించి, బాపట్లలో ఆవిడ పుట్టింట్లో దింపి సాయంత్రానికి తిరిగొచ్చాడు. మర్నాడు మామూలుగా మిల్లుకు వెళ్ళాడు. మిగతా ఇద్దరు పిల్లలూ అతని తల్లి దగ్గర ఉండిపోయారు.

అమ్మ నాన్నకు కార్డు రాసింది.

నాన్న కార్డు పట్టుకుని, తమకు కథలిప్పించే ఆఫీసరు దగ్గరకు వెళ్ళారట. ఆపరేషన్ అయ్యాక కూడా భార్యకు నెల తప్పే వీలుందా అని అడిగారట. ఆయన ఆశ్చర్యపోయి, "మొదటి మూడు నెలలూ జాగ్రత్తగా ఉండాలి, లేకపోతే కడుపు నిలుస్తుంది. అది మీ కథలోనే ఉందిగదయ్యా, చెప్పడం లేదా?" అన్నారట.

కథలో ఉంది. రాజకీయం చెప్పాల్సిన రెండు వాక్యాలు. మొదటి రెండు మూడు ఊళ్ళలో చెప్పారు కూడా. అవి వచ్చేసరికి జనం కదులుతున్నారనీ, వాటి వెనక వచ్చే హాస్యం చల్లబడిపోతోందనీ తీసేశారు. తీసేద్దామన్నది నాన్నే.

అదే సాయంత్రం నాన్న అమ్మమ్మగారి ఊరికి వచ్చారు. ఇంట్లోకి కూడా రాకుండా మిల్లుకు నడిచారు. నేను వెనకే వెళ్ళాను. హాస్యగాడు వచ్చాడని మిల్లు దగ్గర పదిమంది చేరారు. నాన్న నోరు తెరవకముందే నవ్వులు మొదలయ్యాయి. మిల్లు మావయ్య నూనె చేతులు గోనెకు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. అతన్ని పక్కకు తీసుకెళ్ళి నాన్న ఆఫీసరు చెప్పిందంతా చెప్పారు. కాగితం మీద రాయించి తెచ్చింది కూడా చూపించారు.

మిల్లు మావయ్య కాగితం ముట్టుకోలేదు. "ఆవిణ్ణి నేనేం అనుమానించలా బావగారూ," అన్నాడు. "నేను నమ్ముతా. నేను నమ్మితే వీళ్ళు ఊరుకుంటారా?"

"నేను అందరికీ చెప్తాను. అదే పందిట్లో చెప్తాను."

"ఆ రోజే చెప్పాల్సింది," అని అతను లోపలికి వెళ్ళిపోయాడు.

నాన్న కథకుణ్ణి బతిమాలి, తొమ్మిది రోజుల తర్వాత అదే ఊళ్ళో మళ్ళీ కథ పెట్టించారు. కథకుడు పెద్దవాడు, అనుభవం ఉన్నవాడు. "ఆ మాట రాజకీయం చేత చెప్పిద్దాం. నీ నోటివెంట వస్తే నిలబడదు" అన్నాడట. నాన్న వినలేదు. అన్నది తనే కాబట్టి తనే చెప్పాలన్నారు. కథకుడి మాట విని ఉంటే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను.

ఆ రోజు జనం మొదటిసారికంటే ఎక్కువే వచ్చారు. పక్క ఊళ్ళనుంచి కూడా వచ్చారు, లాకుల కథ చెప్పిన హాస్యగాణ్ణి చూడటానికి. నాన్న కాళ్ళ గజ్జెలు విప్పేసి ముందుకొచ్చి నిలబడ్డారు.

"పోయినసారి నేనిక్కడ ఒక మాటన్నాను. అది తప్పు."

జనం నవ్వారు.

"నవ్వమాకండి. నేను నవ్వించడానికి చెప్పట్లేదు."

ఇంకా నవ్వారు. ముందు వరసలో ముసలాయన ఒకడు పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి, ఇదుగో ఇప్పుడొస్తది చూడు అన్నట్టు సర్దుకుని కూర్చున్నాడు.

"ఆపరేషన్ అయినాక మూడు నెలలదాకా నెల తప్పే వీలుందని డాక్టర్లే చెబుతున్నారు. ఆ మాట మేం చెప్పకుండా వదిలేశాం. ఆ ఇల్లాలి తప్పేమీ లేదు. తప్పు నాది."

వెనకనుంచి ఎవరో అరిచారు. "అంటే మూడు నెలలు లాకులు కారతయ్యంటావా?"

పందిరంతా నవ్వింది. ఆడవాళ్ళు కూడా నవ్వారు. రాజకీయం వంత గబగబా ముందుకొచ్చి, ఇది నిజమండీ, కాగితం ఉందండీ అని ఏదో చెప్పబోయాడు. ఎవరికీ వినబడలేదు. నాన్న కాసేపు అలాగే నిలబడ్డారు. ఆ నిలబడటం కూడా హాస్యమేననుకుని కొందరు చప్పట్లు కొట్టారు. డక్కీని అరుగు మీద పెట్టి ఆయన కిందికి దిగి వచ్చేశారు. మిల్లు అక్కడికి దగ్గరే. ఇంజను చప్పుడు వినబడుతూనే ఉంది.

అదే ఆయన చెప్పిన చివరి హాస్యం. కొన్నాళ్ళకు ఇంకో దళంలో రాజకీయం వంతగా కుదిరారు. కరువు గురించో చదువు గురించో నోరు తెరిస్తే జనం నవ్వేవారు. మూడు ఊళ్ళ తర్వాత వాళ్ళే వద్దన్నారు. తెనాలిలో ఒక ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేసే పనికి చేరారు. మా చిన మావయ్య ఒకసారి ఇంటికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అమ్మ అన్నం పెట్టింది కానీ మాట్లాడలేదు. అలా మూడేళ్ళు మాట్లాడలేదు. నాన్నే, "వాడు కుర్రాడు, చెప్పాడు. చెప్పిందల్లా అనడానికి నా బుద్ధి ఏమైంది?" అని అమ్మకు నచ్చజెప్పారు.

అత్తయ్యకు వానాకాలం చివర్లో మగపిల్లాడు పుట్టాడని తెలిసి, అమ్మ పట్టుబట్టి మమ్మల్ని బాపట్ల తీసుకెళ్ళింది. స్టేషను వెనక సందులో తాటాకు ఇల్లు. ఆవిడ అరుగు మీద కూర్చుని విస్తళ్ళు కుడుతోంది. పక్కన గుడ్డ ఉయ్యాల. మమ్మల్ని చూసి లేచి చాప పరిచింది. "బాగున్నావా వదినా" అని అమ్మను అడిగింది, నన్ను దగ్గరకు తీసుకుంది. నాన్న చాప మీద కూర్చోలేదు. గుమ్మం దగ్గర నిలబడి, తెచ్చిన కాగితం మడత విప్పి చెప్పబోయారు.

"నాకు తెలుసు అన్నయ్యగారూ," అందావిడ. "ఆస్పత్రిలో నర్సమ్మ చెప్పింది."

"నన్ను ఏమన్నా అనమ్మా. పడతాను."

ఆవిడ విస్తరాకు మీద పుల్ల గుచ్చింది. తర్వాత, "ఏమనను? నవ్వొచ్చేటట్టే చెప్పారు. ముందు నేను కూడా నవ్వాను. నా సంగతని తెలియలా" అంది.

నాన్న గుమ్మంలోనే కూలబడిపోయారు. కథలో ఆయన పడిపోవడం చాలాసార్లు చూశాను. ఇది అలా లేదు.

ఆవిడ అమ్మతో మెల్లిగా చెప్పింది. భర్త ఒక్క మాట కూడా అనలేదట. దారంతా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడట. దింపి వెళ్ళేటప్పుడు, "ఇక్కడైతే ఎవరూ ఏమీ అనరు" అన్నాడట. ఇక్కడి ఇరుగుపొరుగుకు నెల తిరక్కుండానే అంతా తెలిసిపోయింది. పెద్దపిల్లలిద్దరినీ చూడాలని ఉందంది. తీసుకురానా అని అమ్మ అడిగితే, "వద్దొదినా, నా దగ్గరకొస్తే వాళ్ళని కూడా అంటారు" అంది.

తిరుగు రైల్లో నాన్న ఆ కాగితాన్ని జేబులో పెట్టుకునే కూర్చున్నారు. ఎవరికి చూపించాలో ఇంక ఆయనకు తోచలేదు.

డెబ్బైల్లో నాకు రేపల్లెలో టీచరు ఉద్యోగం వచ్చింది. అమ్మానాన్నల్ని నా దగ్గరకే తెచ్చుకున్నాను. అక్కడ ఎవరికీ నాన్న హాస్యగాడని తెలియదు. కొట్టుకెళ్ళి ఏదన్నా అడిగితే మామూలుగా ఇచ్చి పంపేవారు. మొదటి నెలలో ఆ సంగతి ఆయనే నాకు చెప్పారు, చిన్నపిల్లాడిలా. అప్పటికే దగ్గుతో బాగా చిక్కిపోయి ఉన్నారు.

మిల్లు మావయ్య ఊరు వదిలి రేపల్లెలోనే ఒక మిల్లులో పనిచేస్తున్నాడని మాకు ముందు తెలియదు. ఒకరోజు బజారులో అతనే నాన్నను చూసి పలకరించాడు. తర్వాత ఆదివారాలు మా ఇంటికి వచ్చి కూర్చునేవాడు. పాత సంగతి ఇద్దరూ ఎత్తేవారు కాదు. అత్తయ్యను పుట్టింట్లో దింపిన ఏడేళ్ళకు, అతను మొదటిసారి బాపట్ల వెళ్ళి వచ్చిన ఆదివారం మాత్రం తనే మొదలుపెట్టాడు.

"పెద్దపిల్లలిద్దర్నీ తీసుకెళ్ళా బావగారూ. వాళ్ళని పట్టుకుని ఏడ్చింది."

"నిన్నేమంది?" అని నాన్న అడిగారు.

"కాళ్ళు కడుక్కోమని నీళ్ళిచ్చింది. అన్నం పెట్టింది. పిల్లాణ్ణి పిలిచి, మీ నాన్నరా అని చూపించింది. వాడు నా దగ్గరకు రాలా. ఇంటికి రమ్మని అడిగా. ఏ ఇంటికి అంది. ఆ తర్వాత, బండి టైమైంది వెళ్ళండి అంది."

"మళ్ళీ వెళ్తావా?"

"వెళ్తా. రావద్దనలేదుగా."

అతను ఏడాదికి రెండుసార్లు వెళ్ళి వస్తూనే ఉన్నాడు. అత్తయ్య ఎప్పుడూ రాలేదు. నాన్న ఆ మరుసటి ఏడు చలికాలంలో పోయారు. మాకు రేపల్లెలో బంధువులెవరూ లేరు. మోసిన నలుగురిలో ఇద్దరు మా బడి మాస్టార్లు, ఒకరు పక్కింటాయన, నాలుగో మనిషి మిల్లు మావయ్య. బాపట్లకు కబురు పంపాలా వద్దా అని అమ్మా నేనూ ఆ రోజంతా ఆలోచించాం. పంపలేదు.